రూఫుకు కొలతలు, మనిషికి మస్టర్లు

సింగరేణి బొగ్గుబాయిల్లో రూఫును, అంటే పైకప్పు బండను, తట్టి చూడటం పాత విద్య. బొగ్గును విడగొట్టే షాట్ పేలి, పొగ పోయాక మైనింగ్ సర్దార్ ముందుగా బొగ్గు తీసే చోటికి, అంటే ఫేస్ దగ్గరికి, పోతాడు. చేతికర్రతో పైనున్న బండను తడతాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది. చెవి మీదనే నమ్మకం పెట్టుకోడు. రెండో చేతి వేళ్లు బండకు ఆనించి, తడుతుంటే అదురు తగులుతోందా అని చూస్తాడు. అనుమానం వస్తే ఆ బండను దించడమో, కింద సపోర్టు పెట్టించడమో అయ్యేదాకా ఎవరినీ అటు రానివ్వడు. ఈ ఒక్క పని చుట్టూ గడిచిన యాభై ఏళ్లలో జరిగిన పరిశోధన చూస్తే, గోదావరిఖని బొగ్గుబాయిలను దేశంలోని పెద్ద ప్రయోగశాలల్లో ఒకటిగా లెక్కించవచ్చు. ఆ రూఫు కింద నిలబడ్డ మనిషి మీద ఎంత పరిశోధన జరిగింది, ఏ ప్రశ్నతో జరిగింది అన్నది అంతగా ఎవరూ అడగని సంగతి.

ముందు రూఫు సంగతే చూద్దాం. ధన్‌బాద్‌లోని కేంద్ర మైనింగ్ పరిశోధన సంస్థ (సీఎంఆర్ఐ), ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ (ఐఎస్ఎం) కలిసి 1987 నాటికి ఒక పద్ధతిని ఖాయం చేశాయి. రూఫు బండకు నూటికి మార్కులు వేయడం ఆ పద్ధతి. పొరల మందానికి 30, పగుళ్లూ స్లిప్పుల వంటి నిర్మాణ లోపాలకు 25, నీళ్లు తగిలితే బండ ఎంత నానిపోతుందన్నదానికి 20, బండ బలానికి 15, కారే నీటికి 10. వచ్చిన మార్కును బట్టి ఎన్ని రూఫ్ బోల్టులు, ఎంత దూరానికొకటి అని తేలుతుంది. ఇది కాగితం మీద ఆగిపోయిన పరిశోధన కాదు. దుంగలు నిలబెట్టి రూఫును మోయించే పాత పద్ధతి పోయి, రూఫుకే బోల్టులు కొట్టి పొరలను కలిపి కుట్టే పద్ధతి రావడానికి పునాది ఇదే. గాలికీ కొలత ఉంది. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి. 33.5 దాటితే ఆ చోట పనే చేయించకూడదు. బొగ్గు శాఖ 1975 నుంచి పరిశోధనకంటూ విడిగా నిధులిస్తోంది. ధన్‌బాద్ సంస్థలు, కోలార్‌లో పుట్టిన జాతీయ శిలాయాంత్రిక సంస్థ, మన కొత్తగూడెం మైనింగ్ కాలేజీ వాళ్లు రామగుండం బాయిల్లో పెట్టని మీటరు లేదు. ఆస్ట్రేలియా సీఎస్ఐఆర్ఓ శాస్త్రజ్ఞులు కూడా అడ్రియాల గని కోసం ఇక్కడికి వచ్చి పనిచేశారు.

ఇంత శ్రద్ధ ఊరికే రాలేదు. ప్రాణాలు పోయి వచ్చింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, 8ఏ ఇంక్లైన్‌లో రూఫు కూలి 10 మంది పోయారు. బండ పడితే విచారణ జరపాలని చట్టం ఉంది, విచారణకు కొలతలు కావాలి, కొలతలకు పరిశోధన కావాలి. ఆ దారి సాఫీగా ఉంది కాబట్టే ఆ పరిశోధన నడిచింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బండ ఒక్క క్షణంలో చంపుతుంది. దాన్ని ముందు పట్టించుకోవడం న్యాయమే.

చిక్కు యంత్రాల దగ్గర మొదలవుతుంది. 1983లో గోదావరిఖని 7 (జీడీకే-7) గనిలో సింగరేణి మొదటి లాంగ్‌వాల్, అంటే పొడవాటి బొగ్గు గోడను వరసగా కోసే పద్ధతి, దిగింది. 1989లో ఫ్రెంచి వాళ్ల సాయంతో జీడీకే-10లో మందమైన బొగ్గు పొరను పేల్చి తీసే బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి వచ్చింది. బొగ్గును ఎత్తిపోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాక, చేత్తో తట్టలకెత్తే తట్టా చెమ్మస్ పని మెల్లగా అంతరించింది. 2014లో అడ్రియాలలో 250 మీటర్ల ఫేస్‌తో భారీ లాంగ్‌వాల్ మొదలైంది. ఈ ప్రతి అడుగుకూ సాంకేతిక నివేదికలు గుట్టలుగా ఉన్నాయి. రూఫును మోసే షీల్డు మీద ఎంత బరువు పడింది, బొగ్గు తీశాక మిగిలిన ఖాళీ (గోఫ్) ఎప్పుడు కూలింది, రోజుకు ఎన్ని టన్నులు వచ్చాయి అన్నీ రాశారు. యంత్రం దిగినరోజు ఫేస్ మీదున్న మనుషుల మధ్య ఏం మారిందన్నది ఆ నివేదికల పనిగా ఎవరూ అనుకోలేదు.

విచిత్రమేమిటంటే ఆ ప్రశ్న ప్రపంచంలో మొదట పుట్టిందే బొగ్గుబాయిలో, అదీ లాంగ్‌వాల్ మీదే. 1951లో లండన్ టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ ఒక వ్యాసం రాశారు. బామ్‌ఫర్త్ పరిశోధకుడు కాకముందు ఏళ్ల తరబడి ఫేస్ మీద బొగ్గు తీసినవాడే. వాళ్ల దేశంలో అంతకుముందు ఇద్దరు ముగ్గురు తమకు నచ్చిన జోడీలు కట్టుకొని, తామే కూలీ మాట్లాడుకొని, కోత నుంచి నింపుడు దాకా పనంతా తామే చేసుకునేవారు. బండ కదిలితే ఒకరినొకరు చూసుకునేవారు. లాంగ్‌వాల్ వచ్చి ఆ జోడీలను విడగొట్టింది. నలభై యాభై మందిని మూడు షిఫ్టులకు పంచి, ఒక షిఫ్టు కోతకు, ఒకటి నింపుడుకు, ఒకటి జరుపుడుకు అని పెట్టింది. ముందు షిఫ్టు వాళ్లు పని సగంలో వదిలిపోతే తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది. ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషులు ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. నాగాలు పెరిగాయి, మనసు నుంచి ఒంటికి పాకే జబ్బులు పెరిగాయి. యంత్రం మంచిదే కానీ పనిని అమర్చిన తీరు మనిషిని ఒంటరిని చేసిందని వాళ్లు తేల్చారు.

ఆ మాటకు గట్టి రుజువు 1963లో వచ్చిన రెండో అధ్యయనంలో ఉంది. డర్హమ్ ప్రాంతంలో ఒకే సీమ్ (బొగ్గు పొర), ఒకే యంత్రాలు ఉన్న రెండు లాంగ్‌వాల్ ఫేస్‌లను ట్రిస్ట్ బృందం పోల్చి చూసింది. ఒకదానిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క పని. రెండోదానిలో గ్యాంగు మొత్తానికి పని అప్పజెప్పి, ఎవరు ఏ షిఫ్టులో ఏం చేయాలన్నది వాళ్లకే వదిలేశారు, కూలీ కూడా కలిపి పంచుకోమన్నారు. మొదటి ఫేస్‌లో నూటికి 20 షిఫ్టులు నాగా పోతే రెండోదానిలో 8.2 మాత్రమే. దెబ్బలు తగిలి పోయిన షిఫ్టులు 6.8 నుంచి 3.2కు తగ్గాయి. ఫేస్ ఇవ్వగలిగిన బొగ్గులో మొదటిది 78 శాతం ఇస్తే రెండోది 95 శాతం ఇచ్చింది. ఈ ఆలోచన భారతదేశానికి బొగ్గు దారిలో రాలేదు, బట్టల మిల్లు దారిలో వచ్చింది. 1953లో టావిస్టాక్‌కే చెందిన ఎ.కె. రైస్ అహ్మదాబాద్ కాలికో మిల్లులో మగ్గాల షెడ్డును ఇదే తీరుగా గ్యాంగులకు అప్పజెప్పి చూశాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత జీడీకే-7కు లాంగ్‌వాల్ వచ్చేసరికి ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. షీల్డులు దిగుమతి అయ్యాయి, ఈ పాఠం దిగుమతి కాలేదు.

టబ్బుల్లో బొగ్గు నింపే మన ఫిల్లర్లు కూడా గ్యాంగులుగా టబ్బు లెక్కన కూలీకి పనిచేసినవాళ్లే. ఆ పని నడుములు విరిచేది, దాని మీద నాకేం మమకారం లేదు. కానీ ఆ గ్యాంగులో ఒకడు మూడు రోజులు ముభావంగా ఉంటే పక్కవాడికి తెలిసేది. యంత్రాల మీద, కన్వేయర్ డ్రైవుల దగ్గర, పంపుల దగ్గర ఒక్కడే ఎనిమిది గంటలు కూర్చునే పనిలో అది తెలిసే దారి ఏది? ఇది పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి దిగుమతి యంత్రం అక్కర్లేదు.

మరి మనిషి మీద పరిశోధనే జరగలేదా అంటే జరిగింది. వరంగల్, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో సింగరేణి కార్మికుల మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు తక్కువేం కాదు. వాణిజ్యశాస్త్రం, ప్రభుత్వ పాలన, సమాజశాస్త్రం విభాగాల నుంచి వచ్చినవే ఎక్కువ. కార్మిక సంబంధాలు, సంక్షేమం, ఉద్యోగ సంతృప్తి, గైర్హాజరు వాటి విషయాలు. వీటిలో చాలావరకు ఒక ప్రశ్నాపత్రం, కొన్ని వందల మంది, శాతాల పట్టికలు ఉంటాయి. క్వార్టర్ బాగుందా, ఆసుపత్రి బాగుందా అని అడిగితే ‘ఫరవాలేదు’ అన్నవాళ్లు ఇంత శాతం అని తేలుతుంది. చదివాక ఒక బాయిలో రేపు పొద్దున ఏం మార్చాలో మాత్రం తెలియదు. అయితే ఈ తప్పు పరిశోధకులది మాత్రమే అనలేం. కంపెనీకి మనిషి కనిపించే కిటికీ మస్టర్, అంటే హాజరు లెక్క. పరిశోధకుడు కూడా ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

బొగ్గుబాయి జీవితం మస్టర్ చుట్టూ తిరుగుతుంది. బదిలీ కార్మికుడు (ఇతరుల బదులు పనిచేసేవాడు) పర్మినెంటు కావాలంటే ఏడాదికి భూగర్భంలో 190, సర్ఫేస్‌లో 240 మస్టర్లు ఉండాలి. వంద మస్టర్లు కూడా నిండకపోతే చార్జిషీటు, ఆ తర్వాత కౌన్సెలింగ్. ఆ కౌన్సెలింగ్ ఎలా ఉంటుందో కోల్‌బెల్టులో తెలియని ఇల్లు ఉండదు. బల్లకు అటుపక్క అధికారులు, పక్కన యూనియన్ నాయకుడు. ఇటుపక్క కార్మికుడు తల వంచుకొని నిలబడి ఉంటాడు, వెనక భార్య. నెలవారీ మస్టర్లు చదువుతారు: జనవరి ఆరు, ఫిబ్రవరి నాలుగు, మార్చి సున్నా. ‘ఏమైంది’ అని అడుగుతారు. ‘పాణం మంచిగలేదు సార్’ అంటాడు. భార్య అందుకొని ‘తాగుడు సార్, ఇగ మానుతడు, ఒక్క అవకాశమియ్యండి’ అంటుంది. రాసిచ్చి పోతారు. సద్బుద్ధితో చేసేదే, కొందరు నిజంగా దారిన పడతారు కూడా. కానీ గమనించండి: జనవరిలో ఆరు మస్టర్లు పడ్డప్పుడు అడగని ప్రశ్న ఏడాది చివర అడుగుతున్నాం. తాగుడు కారణమా, నిద్ర పట్టక తాగుతున్నాడా, అప్పుల రందితో తాగుతున్నాడా, దిగులు జబ్బు వచ్చి బాయి ముఖం చూడలేకపోతున్నాడా అన్నది తేల్చే మనిషి ఆ గదిలో ఉండడు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో నూటికి 10.6 మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మద్యం వల్ల జబ్బుపడిన వాళ్లలో 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ అందులో లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదట పెట్టిన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఉందని గుర్తుచేసుకుంటే ఇది మరీ చిన్నతనంగా అనిపిస్తుంది. 2022 అక్టోబర్ 10 నుంచి టెలి మానస్ ఉంది, 14416కు ఎవరైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మంచి సేవే. కానీ నైట్ షిఫ్టు దిగివచ్చి పగలు రెండు గదుల క్వార్టర్‌లో పిల్లల మధ్య పడుకునే మనిషి ఏ మూలకు పోయి ఆ ఫోన్ మాట్లాడాలన్నది కూడా సేవ రూపకల్పనలో భాగమే.

ఇక్కడ పరిశోధకులను బోల్తా కొట్టించే గొయ్యి ఒకటుంది. సింగరేణిలో జబ్బు అనేది ఒంటికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు, ఉద్యోగానికి సంబంధించిన సంగతి కూడా. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే కారుణ్య నియామకం కింద కొడుక్కో కూతురికో ఉద్యోగం వస్తుంది. అలాంటప్పుడు సర్వీసు చివర్లో ఉన్నవాడు లేని జబ్బును చెప్పుకోవచ్చు. ఇరవై ఏళ్ల సర్వీసు మిగిలి ఉన్న కుర్రవాడు ఉన్న జబ్బును దాచుకుంటాడు. డంపర్ నడిపేవాడు ‘రాత్రి నిద్ర పట్టడం లేదు, మందులు వాడుతున్నా’ అని చెబితే మర్నాడు స్టీరింగ్ దక్కదేమోనని భయం. కాబట్టి కంపెనీ ఆసుపత్రి కార్డులు ముందేసుకొని ‘కోల్‌బెల్టులో మానసిక సమస్యలు ఇన్ని శాతం’ అని రాసే అంకెను నేను నమ్మను. ఎక్కువ వచ్చినా నమ్మను, తక్కువ వచ్చినా నమ్మను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన పని-మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు కూడా ఉద్యోగులను ఇలా జల్లెడ పట్టే పరీక్షల వల్ల మేలు ఎక్కువో కీడు ఎక్కువో తేలలేదనే చెప్పాయి. ముందు పని తీరును సరిచేయండి, మేనేజర్లకు శిక్షణ ఇవ్వండి అన్నాయి. ట్రిస్ట్ డెబ్బై ఏళ్ల కిందట చెప్పింది దీనికి దగ్గరే.

ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో ఎనిమిది బొగ్గు గనుల్లో దాదాపు 1,450 మంది మీద జరిగిన అధ్యయనం ఒకటి నాకు ఇంకా అక్కరకొచ్చేదిగా కనిపిస్తుంది. మనోవేదనకు ముడిపడి ఉన్న అంశాల్లో తాగుడు, పాత జబ్బులతో పాటు ఉద్యోగం పోతుందన్న భయం, కంపెనీ తమ మనసు బాగును పట్టించుకుంటుందా లేదా అన్న అభిప్రాయం కూడా తేలాయి. దీన్ని సింగరేణికి అన్వయించి చూడండి. 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులతో ఏడాదికి దాదాపు 2 కోట్ల టన్నుల బొగ్గు తీసిన కంపెనీ 2023-24లో దాదాపు 40 వేల మందితో 7 కోట్ల టన్నులు తీసింది. పది టన్నుల్లో తొమ్మిది ఓపెన్‌కాస్టుల నుంచే. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నవాడు భూపాలపల్లికో శ్రీరాంపూర్‌కో బదిలీ కావలసి వస్తోంది. ఇంత పెద్ద మార్పును మనసు మీద కొలిచి ఉంటే అది దేశానికే పనికొచ్చే పరిశోధన అయ్యేది. ఈ బెంగను కథల్లో, నవలల్లో రాసిన అల్లం రాజయ్య, పి. చంద్ వంటివాళ్ల దగ్గర బొగ్గుబాయి మనిషి గురించి దొరికినంత సమాచారం శాతాల పట్టికల్లో దొరకదు.

మస్టర్ లేని మనుషుల సంగతి ఇంకా వెనక. కాంట్రాక్ట్ కార్మికులు వేలల్లో ఉన్నారు. బొగ్గు పైనుండే ఓబీ మట్టి తీసేది, బొగ్గు రవాణా చేసేది చాలావరకు వాళ్లే. 2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్టులో పేలుడుకు చనిపోయిన నలుగురూ కాంట్రాక్ట్ వాళ్లే. కంపెనీ ఉద్యోగి మీద జరిగే అధ్యయనంలో వాళ్లు సహజంగానే రారు. ఇంట్లో ఆడవాళ్లూ రారు. మూడు షిఫ్టుల మొగుడికి మూడు రకాల వేళల్లో వండిపెట్టి, పిల్లల బడి వేళలకు ఆ వేళలను అతికించుకునే మనిషి నిద్ర ఎవరి లెక్కలోనూ లేదు. వడ్డీ వ్యాపారి దగ్గర మొగుడి ఏటీఎం కార్డు తాకట్టులో ఉందని ఆమెకు జీతం రోజున తెలుస్తుంది.

ఓపెన్‌కాస్టు పక్క ఊళ్ల విషయంలో కొలత ఉంది, అయితే అది గోడ కొలత. పేలుళ్ల అదురుకు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) 1997లో హద్దులు పెట్టింది. కంపెనీవి కాని ఇళ్లకు, అదురు పౌనఃపున్యం 8 హెర్ట్జ్ లోపుంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 25 దాకా 10, ఆపైన 15. శాస్త్రీయమైన హద్దులే, గోడ పగలకుండా కాపాడటానికి పెట్టినవి. కానీ మనిషి అదురును 5 మిల్లీమీటర్ల కంటే ఎంతో ముందే పసిగడతాడు. పేలుళ్లు పగటిపూటే జరగాలి. నైట్ షిఫ్టు చేసినవాడు నిద్రపోయేదీ పగలే. సైరన్ మోగగానే మంచం మీద లేచి కూర్చోవడం, చప్పుడు అయ్యేదాకా ఎదురుచూడటం, ఆ తర్వాత నిద్ర రాకపోవడం, ఇవన్నీ అనుమతించిన హద్దుల లోపలే జరుగుతాయి. ఇంటి యజమాని పగులు చూపించి ఫిర్యాదు చేయగలడు. చెడిన నిద్రకు చూపించడానికి ఏమీ ఉండదు. సైస్మోగ్రాఫ్ పెట్టిన ఇంట్లోనే ఒక నిద్ర డైరీ కూడా పెట్టించడానికి అదనంగా అయ్యే ఖర్చు ఒక నోట్‌బుక్, ఒక పెన్ను.

ప్రమాదం తర్వాతి రోజుల గురించి కూడా చెప్పాలి. 2022 మార్చి 7న అడ్రియాలలో బండ కూలి ముగ్గురు పోయారు. మిగతావాళ్లను రెస్క్యూ బృందాలు బయటకు తెచ్చాయి. చిలీలో 2010లో 33 మంది 69 రోజులు గనిలో చిక్కుకున్నప్పుడు అక్కడి ప్రభుత్వం నాసా నుంచి డాక్టర్లతో పాటు ఒక సైకాలజిస్టును కూడా పిలిపించింది. అయినా బయటికొచ్చాక వాళ్లలో ఎందరో ఏళ్ల తరబడి కుదురుకోలేదు. మన దగ్గర విచారణకు చట్టం ఉంది, నష్టపరిహారానికి చట్టం ఉంది. శిథిలాల కింద నుంచి వచ్చినవాడినీ, శవాన్ని తీసిన రెస్క్యూ వాడినీ ఆర్నెల్ల తర్వాత పిలిచి ‘నిద్ర పడుతోందా, మళ్లీ దిగగలవా’ అని అడగమని ఏ చట్టమూ చెప్పదు. రెస్క్యూ వాళ్లకు ఊపిరి సామర్థ్యం పరీక్షించే క్రమం ఉంది. దాని పక్కన ఈ రెండు ప్రశ్నలు చేర్చడం కష్టమేమీ కాదు.

చేయదగ్గ పరిశోధనకు వనరులు ఇప్పుడు కాళ్ల దగ్గరే ఉన్నాయి. 2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, ఇప్పుడది సింగరేణి పేరుతోనే నడుస్తోంది. కొత్తగూడెం మైనింగ్ కాలేజీ 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. రాతిని కొలిచేవాళ్లు ఒకచోట, మనిషిని చూసేవాళ్లు ఒకచోట, మధ్యలో గోదావరి లోయంతా బాయిలు. కంపెనీ దగ్గర ఏ మనిషి ఏ షిఫ్టులో ఏ బాయిలో దిగాడన్నది దశాబ్దాల తరబడి ఉంది, ప్రమాదాల రిజిస్టర్ ఉంది. పేర్లు తీసేసి ఈ రెండింటినీ కలిపితే వరుస నైట్ షిఫ్టుల తర్వాత దెబ్బలు పెరుగుతున్నాయా, బాయి మూతపడి బదిలీ అయిన ఏడాది నాగాలు పెరుగుతున్నాయా అన్నది ఎవరినీ ఒక్క ప్రశ్న అడగకుండానే తేలుతుంది. ఆస్ట్రేలియా గనుల్లో తోటి కార్మికుడికే శిక్షణ ఇచ్చి దిగులుగా ఉన్నవాడిని గుర్తుపట్టించే ‘మేట్స్ ఇన్ మైనింగ్’ పద్ధతి ఉంది. మన దగ్గర గని భద్రతను కార్మికుల తరఫున చూసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు ఇప్పటికే ఉన్నారు. ఆ పద్ధతిని రెండు బాయిల్లో వాళ్లతో మొదలుపెట్టి, మరో రెండు బాయిల్లో మొదలుపెట్టకుండా ఏడాది చూస్తే, పనికొస్తుందో లేదో చెప్పడానికి విదేశీ నివేదికల మీద ఆధారపడక్కర్లేదు.

షరతు ఒకటి ముందే రాసుకోవాలి. నిద్ర గురించి, తాగుడు గురించి, భయం గురించి కార్మికుడు చెప్పింది వైద్య కళాశాల దగ్గరే ఉండాలి. బాయి ఆఫీసుకు గానీ, మెడికల్ బోర్డుకు గానీ, ప్రమోషన్ ఫైలుకు గానీ పోకూడదు. ఇది పరిశోధకుడి నోటిమాటగా కాక, గుర్తింపు సంఘం, యాజమాన్యం, కళాశాల ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందంగా ఉండాలి. సంతకాలు పడి, ఆ కాగితం తెలుగులో ప్రతి బాయి నోటీసు బోర్డు మీద అంటించాకే మొదటి ప్రశ్నాపత్రం బయటికి తీయాలి.